బైబిలు పాఠము: గాజా — వాక్యములోను, వార్తలలోను

చదువవలసిన భాగములు: ఆమోసు 1:1 నుండి 2:8 వరకు; ఆమోసు 9:7; 1 రాజులు 21వ అధ్యాయము; అపొస్తలుల కార్యములు 8:26–40.



2023వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీ మొదలుకొని మన తగరపువలస చుట్టుప్రక్కల సంఘములలో ఒక ప్రశ్న తిరుగుచున్నది. గృహ కూటములలోను, స్త్రీల సమాజములోను, ఆరాధన ముగిసి గుమ్మము దగ్గర చెప్పులు వెదకుకొనునప్పుడును ఇదే మాట: “అయ్యగారూ, గాజాలో ఉన్నవారు ఆ సమ్సోను కాలపు ఫిలిష్తీయులేనా? అట్లయితే మనము ఇశ్రాయేలు గెలుపు కొరకు ప్రార్థింపవద్దా?” యౌవనస్థులు సెల్‌ఫోనులలో చూచిన బొమ్మలు తెచ్చి మరియొక విధముగా అడుగుదురు: “చంటిబిడ్డలు ఈలాగున చచ్చుచుండగా, చంపువారిని దేవుని ప్రజలని ఎట్లు చెప్పుదుము అయ్యగారూ?” ఈ సంగతిమీద పెద్దలకును పిల్లలకును మాటలు పెరిగినవి. ఒకరు చేసిన ప్రార్థనకు మరియొకరు ఆమేన్ అనక నోరు మూసికొని కూర్చుండుటయు జరిగినది. కలిసి ఆమేన్ అనలేని సంఘము ఎంతకాలము కలిసి రొట్టె విరువగలదు? కావున ఈ నెల పాఠమును ఈ సంగతికే కేటాయించితిమి.

మనలో అనేకులు యెహోషువ గ్రంథము ఒక చేతను, వార్తాపత్రిక మరియొక చేతను పట్టుకొని చదువుచున్నారు. రెంటిలోను ఇశ్రాయేలు అను పేరు కలదు, గాజా అను పేరు కలదు. పేర్లు ఒకటే గనుక సంగతియు ఒకటే అనుకొందుము. ఆ రెండు చేతుల నడుమ మూడువేల సంవత్సరములకు పైబడిన కాలమున్నదని మరచిపోవుదుము. తాతనాటి పొలము తగాదా తీర్చుటకు కూర్చున్న పెద్దమనిషి కూడ నడుమ ఎవరెవరు ఏయే కాగితములు వ్రాసికొనిరో అడుగును గదా. మనమును అట్లే అడుగుదము.

మొదట ఫిలిష్తీయుల సంగతి. గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను, గాతు అను అయిదు పట్టణములు వారివి. వారు కఫ్తోరు నుండి, అనగా క్రేతు ద్వీపపు ప్రాంతమునుండి, సముద్రముమీద వచ్చిన జనమని ఆమోసు 9:7 వలన తెలియుచున్నది. త్రవ్వకములు చేసిన పండితులును వారు పడమటి సముద్రపు దిక్కునుండి వచ్చినవారనియే చెప్పుచున్నారు. క్రీస్తుకు పూర్వము 604వ సంవత్సరమున బబులోను రాజైన నెబుకద్నెజరు అష్కెలోనును నాశనము చేసెను. అటు తరువాత ఫిలిష్తీయులు క్రమక్రమముగా చుట్టుప్రక్కల జాతులలో కలిసిపోయిరి. జనము పోయెను గాని పేరు నిలిచెను. గ్రీకులు ఆ తీరమును వారి పేరట పిలిచిరి. క్రీస్తు శకము 135 ప్రాంతమున యూదుల తిరుగుబాటును అణచిన రోమా చక్రవర్తి హడ్రియను యూదయ అను పేరు తుడిచివేయగోరి, ఆ దేశమునకు సిరియా పాలస్తీనా అని పేరు పెట్టెను. నేటి పాలస్తీనా అను మాట అక్కడనుండి వచ్చినదే. మన విశాఖపట్నము మీదుగా పోవు రైలుకు కోరమండల్ అని పేరు. అది చోళమండలము అను మాటనుండి పుట్టినదని చెప్పుదురు. అంతమాత్రమున ఈ తీరమున ఉన్న మనమందరము చోళులము కాము గదా!

అట్లయిన నేడు గాజాలో ఉన్నవారెవరు? అరబ్బీ భాష మాటలాడు పాలస్తీనీయులు. ఎందరో రాజుల క్రింద, ఎన్నో జాతులు కలిసిన ఆ నేలలో తరతరములుగా బ్రదికినవారి సంతతి. అయిదవ శతాబ్దమునాటికి గాజా పట్టణము చాలవరకు క్రైస్తవ పట్టణమై, పోర్ఫిరియు అను బిషపు పేరు అక్కడ ప్రసిద్ధి కెక్కెను. ఏడవ శతాబ్దమున అరబ్బుల పరిపాలన వచ్చిన పిమ్మట కాలక్రమమున జనులలో అధిక భాగము ఇస్లాము మతములో చేరిరి, కొందరు క్రైస్తవులుగానే నిలిచిరి. ఫిలిప్పు నడచినదియు ఆ దిక్కుననే. యెరూషలేమునుండి గాజాకు పోవు ఎడారి మార్గమున అతడు ఐతియొపీయుడైన నపుంసకునికి బాప్తిస్మమిచ్చెను. తరువాత అతడు కనబడినది ఎక్కడ? అష్డోదులో. ఒకప్పుడు దాగోను గుడి ఉండిన అదే ఫిలిష్తీయ పట్టణములో సువార్త చెప్పుచు నడచెను. సమ్సోను గాజాకు వెళ్లిన కథ మన సండేస్కూలు పిల్లలందరికి వచ్చును. ఫిలిప్పు వెళ్లిన దారి పేరడిగినచో పెద్దలకును తడుముకొనవలసివచ్చును.

ఇక యూదుల సంగతి. క్రీస్తు శకము 70లో తీతు సేనలు యెరూషలేము దేవాలయమును కాల్చివేసెను. 135 తరువాత యెరూషలేములో అడుగుపెట్టకుండ వారిని నిషేధించిరి. దేశములో కొందరు నిలిచినను అధికులు చెదరిపోయిరి. మన కొచ్చినులో యూదులు శతాబ్దముల తరబడి హిందూ రాజుల నీడను బ్రదికిరి. అయితే యూరోపు ఖండములో, సిలువ గుర్తు మోసిన దేశములలో, వారికి జరిగినది చదివినచో మనము తల వంచుకొనవలెను. 1290లో ఇంగ్లండు వారిని వెళ్లగొట్టెను. 1492లో స్పెయిను వెళ్లగొట్టెను. క్రీస్తును చంపినవారని నిందించి, యెడతెగక కొట్టి, దోచి, కాల్చిరి. మనము ప్రతి సంవత్సరము సంస్కరణ దినమున జ్ఞాపకము చేసికొను మార్టిను లూథరు గారు 1543లో యూదుల సమాజమందిరములను కాల్చవలెనని ఒక పుస్తకము వ్రాసిరి. దానిని దాచుటవలన సంఘమునకు మేలు లేదు. నాలుగు వందల యేండ్ల తరువాత హిట్లరు మనుష్యులు ఆ పుస్తకమును వాడుకొనిరి. 1881 మొదలు రష్యా సామ్రాజ్యములో యూదుల పేటలమీద గుంపులు పడి దోచి చంపుట సాగెను. ఇక క్రైస్తవ రాజ్యములలో మనకు తావు లేదు, మనకొక సొంత దేశము కావలెనని కొందరు యూదులు తలంచిరి. 1897లో థియొడోరు హెర్జ్‌లు స్విట్జర్లండు దేశములోని బాసెలు పట్టణమున వారి మొదటి మహాసభ కూర్చెను. సీయోను ఉద్యమమని పేరుపడినది అదే. ఆ భయము ఉత్తభయము కాదని తరువాత జరిగినది చూపెను. 1938లో ఏవియాను పట్టణమున ముప్పది దేశములకు పైగా కూడి యూద శరణార్థులను గూర్చి మాటలాడిరి గాని వారికి తలుపు తెరచినవారు బహు కొద్దిమంది. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి హిట్లరు ప్రభుత్వము అరువది లక్షలమంది యూదులను చంపియుండెను.

ఇప్పుడు భూమి సంగతికి వత్తము. ఇది మన పల్లెవారికి బాగుగా అర్థమగును.

1516, 1517 సంవత్సరములనుండి నాలుగు వందల యేండ్లు ఆ దేశము తురుష్క సుల్తానుల యేలుబడిలో ఉండెను. మొదటి ప్రపంచ యుద్ధములో తురుష్కులు ఇంగ్లండుకు శత్రువులైరి. యుద్ధము గెలువవలెనను ఆతురతలో ఇంగ్లండు ప్రభుత్వము మూడు కాగితములు వ్రాసెను. 1915, 1916లలో మక్కా అధిపతియైన హుస్సేనుకు ఉత్తరములు వ్రాసి, తురుష్కులమీద లేచినచో అరబ్బులకు స్వాతంత్ర్యమిత్తుమని చెప్పిరి. 1916లో ఫ్రాన్సు ప్రభుత్వముతో రహస్యముగా కూర్చుండి ఆ దేశములనే తమలో తాము పంచుకొనిరి. 1917 నవంబరు 2వ తేదీన విదేశాంగ మంత్రి బాల్ఫోరు యూద పెద్దయైన రోత్‌షైల్డు ప్రభువుకు జాబు వ్రాసి, పాలస్తీనాలో యూద జనాంగమునకు స్వస్థలము ఏర్పరచుటకు సహాయపడుదుమనియు, అక్కడ అప్పటికే ఉన్నవారి హక్కులకు భంగము రాకూడదనియు, ఒకే జాబులో రెండు మాటలు చెప్పెను. ఒకే చెక్కను ముగ్గురికి దస్తావేజు చేసినవానిని మన ఊరిలో ఏమందురో మీకు తెలియును. అంతకన్న ఆశ్చర్యమేమనగా, ఆ దస్తావేజులు వ్రాసిననాటికి ఆ నేల వ్రాసినవారిది కానే కాదు. యెరూషలేము ఇంగ్లీషు సేనల వశమైనది 1917 డిసెంబరులో.

ఇట్టిది మన గుమ్మములోనే జరిగినది. భీమునిపట్నములో సముద్రపుటొడ్డున డచ్చివారి సమాధులు మీలో అనేకులు చూచియుందురు. ఆ రేవు డచ్చి కంపెనీ వారిది. 1824లో ఇంగ్లండు, హాలండు దేశములు లండను పట్టణములో సంధి వ్రాసికొని, డచ్చివారు హిందూదేశములో తమకున్న స్థలములన్నియు ఇంగ్లీషువారికి అప్పగించిరి. ఆ లెక్కలో భీమిలియు చేయి మారెను. గోస్తనీనది ఒడ్డున దున్నుకొను రైతునుగాని, వల వేసికొను పల్లెవానినిగాని ఎవరైన అడిగిరా? అడుగలేదు. అయితే భీమిలిలో జెండా మారెను గాని జనము ఇండ్లు విడిచి పోవలసిన పని కలుగలేదు. పాలస్తీనాలో కథ అంతటితో ఆగలేదు.

ఆ దేశమును గెలుచుటలో మనవారి రక్తము కూడ ఉన్నది. 1918 సెప్టెంబరు 23వ తేదీన కర్మెలు కొండ పాదమున ఉన్న హైఫా పట్టణమును పట్టుకొన్నది మైసూరు, జోధ్‌పూరు సంస్థానముల గుఱ్ఱపు దళములు; ఆ బ్రిగేడులోనే హైదరాబాదు నిజాము గుఱ్ఱపు దళమును ఉండెను. ఢిల్లీలోని తీన్‌మూర్తి అను మూడు విగ్రహములు ఆ మూడు సంస్థానముల సైనికులకు గురుతులు. ఏలీయా బలిపీఠము కట్టిన కొండక్రింద, ఎవరి దస్తావేజు ఎవరికో ఎరుగని మన దేశపు బిడ్డలు పోరాడిరి.

1922లో ఇంగ్లీషువారు జనాభా లెక్క తీసిరి. దేశములో మొత్తము సుమారు ఏడున్నర లక్షలమంది. అందులో యూదులు సుమారు 84 వేలు. క్రైస్తవులు సుమారు 73 వేలు. మిగిలినవారిలో దాదాపు అందరును ముసల్మానులు. మన సంఘములలో చాలమంది ఆ దేశములో క్రైస్తవులున్నారనియే ఎరుగరు. నాడు అక్కడ క్రైస్తవులు యూదులకు ఇంచుమించు సరిసమానముగా ఉండిరి. హిట్లరు హింస పెరిగినకొలది యూదులు ఓడలెక్కి వచ్చిరి. వారు పోవుటకు వేరొక చోటు లేదు. ఉన్న అరబ్బులు, మా ఇల్లు మా కండ్లయెదుటనే ఇతరులదగుచున్నదని భయపడిరి. 1936 నుండి 1939 వరకు పెద్ద తిరుగుబాటు లేచెను. ప్రాణము దాచుకొనుటకు వచ్చినవాని భయమును, ఇల్లు పోవునను ఇంటివాని భయమును, రెండును నిజమైన భయములే. ఈ యుద్ధమునకు వేరు ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయము. ఒకని భయమును మాత్రమే వినువాడు ఈ చరిత్రను సగమే విన్నవాడు.

1947 నవంబరు 29న ఐక్యరాజ్య సమితి ఆ దేశమును రెండుగా చీల్చవలెనని తీర్మానించెను. అనుకూలముగా 33 దేశములు, వ్యతిరేకముగా 13, ఊరకుండినవి 10. మన దేశము వ్యతిరేకముగా ఓటు వేసెను. దేశము చీలినప్పుడు ఏమగునో మూడు నెలల క్రిందటనే పంజాబులోను బంగాళములోను మనవారు కన్నులార చూచియుండిరి. యూదులు తీర్మానమును అంగీకరించిరి, అరబ్బులు నిరాకరించిరి. 1948 మే 14న ఇశ్రాయేలు రాజ్యము ప్రకటింపబడెను. మరునాడే చుట్టుప్రక్కల అరబ్బు దేశముల సేనలు దానిమీదికి వచ్చెను. యుద్ధము ముగియునప్పటికి సుమారు ఏడు లక్షలమంది పాలస్తీనీయులు ఇండ్లు విడిచి పారిపోయిరి, లేక తరిమివేయబడిరి. తిరిగి రానియ్యలేదు. వారిలో రెండు లక్షలమంది వరకు గాజా అను ఆ సన్నని తీరపు ముక్కలో వచ్చి పడిరి. అప్పటికి అక్కడ ఉన్న సొంత జనము లక్షకు లోపే. నేటికిని గాజా జనులలో నూటికి డెబ్బదిమంది ఆ శరణార్థుల పిల్లలును మనుమలునే. పాత ఇంటి తాళపుచెవిని గోడకు తగిలించుకొన్న కుటుంబములు అనేకములు. అదే కాలమున, ఆ తరువాతను, బాగ్దాదునుండి, యెమెనునుండి, ఐగుప్తునుండి లక్షలాది యూదులు తరతరముల కాపురములు వదలి ఇశ్రాయేలుకు పోవలసివచ్చెను. ఆ సంగతియు మరువరాదు.

ఇల్లు విడిచి పోవుట యేమో మన ఉత్తరాంధ్రకు తెలియని సంగతి కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నముమీదను కాకినాడమీదను బాంబులు వేసినప్పుడు పట్టణపు జనము బండ్లు కట్టుకొని పల్లెలకు పోయెను. వారు కొన్ని నెలలకు తిరిగి వచ్చిరి. రంగూనుకు కూలికి పోయిన మనవారి కథ వేరు. 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడగా, వేలాదిమంది అడవులగుండ, కొండలగుండ కాలినడకన బయలుదేరి త్రోవలోనే రాలిపోయిరి. మిగిలి బర్మాలోనే స్థిరపడినవారి దుకాణములను, కొలువులను 1962 తరువాత వచ్చిన సైనిక ప్రభుత్వము తీసికొనగా వారును తిరిగి రావలసి వచ్చెను. విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేరు అందువలన వచ్చినదే. ఆ వచ్చినవారికి కనీసము మన దేశమనునది ఒకటి ఉండెను, ఓడ దిగుటకు రేవు ఉండెను. గాజాకు వచ్చిన వారికి ముందు సముద్రము, వెనుక కంచె.

తరువాతి సంగతులు త్వరగా చెప్పుదుము. 1956 తరువాత పది సంవత్సరములకు పైగా గాజాలో ఐక్యరాజ్య సమితి శాంతి సేన ఉండెను. అందులో మన భారత సైనికులుండిరి. 1967 జూనులో యుద్ధము లేచినప్పుడు వారిలో కొందరు అక్కడనే ప్రాణములు విడిచిరి. ఆ ఆరు దినముల యుద్ధములో ఇశ్రాయేలు గాజాను, యొర్దాను పడమటి ఒడ్డును, తూర్పు యెరూషలేమును పట్టుకొనెను. 1987లో పాలస్తీనీయుల తిరుగుబాటు, అందులోనే హమాసు సంస్థ పుట్టుక. 1993లో ఓస్లో ఒప్పందము. శాంతి వచ్చినదని లోకము సంతోషించెను గాని, 1995లో ఇశ్రాయేలు ప్రధానమంత్రి రాబీనును సొంత జనులలోనివాడే కాల్చి చంపెను. హమాసు మనుష్యులు బస్సులలో బాంబులు పేల్చిరి. పడమటి ఒడ్డున యూదుల కొత్త కాలనీలు ఆగలేదు. 2005లో ఇశ్రాయేలు గాజాను విడిచెను. 2007లో హమాసు అక్కడ అధికారము పట్టుకొనగా, ఇశ్రాయేలును ఐగుప్తును సరిహద్దులు మూసివేసెను. అటుపిమ్మట 2008, 2012, 2014, 2021 సంవత్సరములలో యుద్ధములు.

2023 అక్టోబరు 7న హమాసు సాయుధులు కంచె దాటి వచ్చి సుమారు 1,200 మందిని చంపిరి. ఇండ్లలో ఉన్న కుటుంబములను, పాటల పండుగకు వచ్చిన పిల్లలను చంపి, 251 మందిని చెరపట్టిరి. నూరు సంవత్సరముల చరిత్ర చెప్పినంతమాత్రమున ఆ దినపు రక్తము కడుగబడదు. కారణము తెలిసికొనుట వేరు, దోషము తీసివేయుట వేరు. ప్రతిగా ఇశ్రాయేలు చేసిన యుద్ధములో, గాజా ఆరోగ్యశాఖ లెక్క ప్రకారము, 2025 అక్టోబరు నాటికి చనిపోయినవారు 67 వేలకు మించిరి. వారిలో వేలాదిమంది పిల్లలు. 2025 ఆగస్టులో గాజా పట్టణ ప్రాంతమున కరవు ఉన్నదని ఐక్యరాజ్య సమితి ఆదరణగల నిపుణుల సంఘము ప్రకటించెను. ఆ అక్టోబరు 10న కాల్పుల విరమణ అమలులోనికి వచ్చెను.

ఇక మన మొదటి ప్రశ్న. 1948లో పుట్టిన రాజ్యము ప్రవచనముల నెరవేర్పేనని మనకెవరు నేర్పిరి? ఇదియు ఒక చరిత్రయే. 1830 ప్రాంతములనుండి ఇంగ్లండు దేశమున డార్బీ అను బోధకుడు, యూదులు తిరిగి తమ దేశమునకు వచ్చుట కడవరి దినముల కాలపట్టికలో ఒక మెట్టు అని బోధించెను. 1909లో అచ్చయిన స్కోఫీల్డు వ్యాఖ్యాన బైబిలు ఆ బోధను అమెరికా అంతట చల్లెను. అక్కడనుండి కరపత్రములగుండ, మిషనరీలగుండ, ఇప్పుడు టెలివిజను ప్రసంగములగుండ మనయొద్దకు వచ్చెను. దానిని నమ్ము భక్తిపరులు మనలో కలరు. నమ్మని భక్తిపరులును కలరు. ఈ పత్రిక వారి నడుమ తీర్పు తీర్చబోదు. అయితే యుద్ధము వచ్చినప్పుడెల్ల తేదీలు లెక్కకట్టి చెప్పినవారందరును సిగ్గుపడిరని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము.

ఆ రాజ్యము ప్రవచన నెరవేర్పే అనుకొన్నను, దాని రాజులు చేసినదంతయు నీతియగునా? 1 రాజులు 21 చదువుడి. అహాబు ఇశ్రాయేలు రాజు. నాబోతు తన పితరుల స్వాస్థ్యమైన ద్రాక్షతోటను అమ్మననెను. అబద్ధ సాక్ష్యముతో అతనిని చంపించి తోట పట్టుకొనిరి. అప్పుడు దేవుడు ఏలీయాను ఎవరియొద్దకు పంపెను? పొరుగు రాజునొద్దకు కాదు, ఇశ్రాయేలు రాజునొద్దకు. ఏలీయా ఇశ్రాయేలుకు శత్రువు కాడు. మరియొక ప్రక్కన, ఈ యుద్ధము చూచి యూదులనందరిని తిట్టుటకు నోరు తెరచువారు రోమా పత్రిక 11వ అధ్యాయము చదువవలెను. అడవి ఒలీవ కొమ్మయై అంటుకట్టబడిన మనము ఆ కొమ్మలమీద అతిశయపడకూడదని పౌలు హెచ్చరించెను. ఆ అతిశయమే యూరోపులో ఏమి చేసెనో పైన చెప్పితిమి.

ఆమోసు తెకోవ ఊరి గొఱ్ఱెలకాపరి. అతడు ఉత్తర రాజ్యమునకు వచ్చి తీర్పు మాటలు చెప్పనారంభించెను. మొదట దమస్కు. వినువారికి సంతోషము. తరువాత గాజా, జనులను మొత్తముగా చెరపట్టి ఎదోమునకు అప్పగించినందుకు. వినువారికి మరింత సంతోషము. తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. అమ్మోనీయులు తమ సరిహద్దు విశాలము చేసికొనుటకు గర్భిణీ స్త్రీలను చీల్చిరని చెప్పెను. ఆరు జనములు, ఆరును శత్రువులే. అంతవరకు ఆమేన్ అన్న గుంపు ఏడవ పేరు వినగానే ఉలికిపడియుండును: యూదా. ఎనిమిదవది తామే: ఇశ్రాయేలు. నీతిమంతుని వెండికి అమ్మినందుకు, దీనుల తలమీద త్రొక్కినందుకు. గాజాను తూచిన త్రాసుతోనే దేవుడు ఇశ్రాయేలును తూచెను, తూనికరాళ్లు మార్చలేదు. 9:7లో అంతకన్న కఠినమైన మాట కలదు. ఇశ్రాయేలును ఐగుప్తునుండి రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను కఫ్తోరునుండి రప్పించెనట! ఆమోసు ఈ మాటలు 2023ను గూర్చి ముందుగా చెప్పెనని మేము అనుట లేదు. చెరపట్టుటయు, సరిహద్దు కొరకు స్త్రీలను పిల్లలను చంపుటయు ఆనాడు దేవుని దృష్టికి ఏమై ఉండెనో అది మాత్రము అక్కడ వ్రాయబడియున్నది.

గాజాలో మన సహోదరులున్నారని పైన చెప్పితిమి. యుద్ధమునకు ముందు వారు సుమారు వేయిమంది. బిషపు పోర్ఫిరియు పేరుగల పాత గుడి ఆవరణములో తలదాచుకొన్నవారిమీద 2023 అక్టోబరు 19న ఇశ్రాయేలు విమానదాడిలో కట్టడము కూలి పదునైదుగురికి మించి చనిపోయిరి. పరిశుద్ధ కుటుంబము అను కతోలిక దేవాలయముమీద 2025 జూలై 17న గుండు పడి ముగ్గురు చనిపోయిరి. ఆ దేవాలయమునకే పోపు ఫ్రాన్సిసు గారు తాము మరణించువరకు రాత్రులు టెలిఫోను చేసి, తిన్నారా అని అడుగుచుండెడివారు. ఒక చిన్న బాప్టిస్టు సంఘమును అక్కడ కలదు.

అల్ అహ్లీ ఆసుపత్రి సంగతి మన తెలుగు సంఘములు ముఖ్యముగా తెలిసికొనవలెను. అది 1882లో చర్చి మిషనరీ సొసైటీ వారు స్థాపించినది. ఆ సొసైటీయే 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను దొరలను మచిలీపట్నమునకు పంపెను. నోబులు కళాశాల వారి పేరు మోయుచున్నది. మచిలీపట్నములో బడి కట్టిన చేయియే గాజాలో ఆసుపత్రి కట్టెను. 1954 మొదలు కొంతకాలము అమెరికా దక్షిణ బాప్టిస్టులు దానిని నడిపిరి. తరువాత యెరూషలేము ఆంగ్లికను డయోసీసు చేతికి తిరిగి వచ్చెను. 2023 అక్టోబరు 17న దాని ఆవరణలో ప్రేలుడు జరిగి, అక్కడ తలదాచుకొన్న అనేకులు చనిపోయిరి. అది ఎవరి ఆయుధమో ఇరుపక్షములును ఒకరిమీద ఒకరు మోపుకొనిరి. 2025 ఏప్రిల్ 13న ఇశ్రాయేలు దాడిలో మరల దెబ్బతినెను. ఆ దినము మట్టల ఆదివారము. మన పిల్లలు తాటి, ఈత మట్టలు పట్టుకొని వీధులలో హోసన్న పాడిన దినము.

ఇశ్రాయేలులోను మన తెలుగువారు కలరు. ముసలివారికి సేవ చేయుటకు వెళ్లి, సైరను మోగినప్పుడు ఆ ముసలివారిని చేయిపట్టి నేలమాళిగలోనికి దింపుచున్నవారు. వారి తల్లులు ఇక్కడ మన కూటములలో కూర్చుండి మోకరించుచున్నారు.

ఈ నెల బుధవారపు కూటములలో ఎవరి గెలుపు కొరకును ప్రార్థింపక, పేర్లతో ప్రార్థింపుడి. అల్ అహ్లీ ఆసుపత్రి వైద్యులు, నర్సులు. గాజాలోని మూడు సంఘములు. అక్టోబరు 7న పిల్లలను పోగొట్టుకొన్న యూద కుటుంబములు, చెరనుండి తిరిగివచ్చినవారు. గుడారములలో ఉన్న ముసల్మాను తల్లులు. అక్కడ పనిచేయుచున్న మన బిడ్డలు. ప్రార్థనకు ముందు ఒకరు ఆమోసు మొదటి రెండు అధ్యాయములను బిగ్గరగా చదువవలెను. నడుమ ఆపవద్దు, ముఖ్యముగా ఆరవ జనము దగ్గర ఆపవద్దు.